చాగస్ పరాన్నజీవి ఎక్కడ దాక్కుంటుంది?

చెన్నై సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, దాన్ని ఆనుకుని ఉన్న మద్రాసు వైద్య కళాశాల తెలుగువాళ్లకు కొత్తవి కావు. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి రైలు దిగి, రోడ్డు దాటి, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడేవాళ్లు నేటికీ కనిపిస్తారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ఇక్కడ పనిచేసిన చార్లెస్ డోనవన్ పేరు వైద్య విద్యార్థులందరికీ తెలుసు. 1903లో కాలా అజార్ జబ్బుకు కారణమైన పరాన్నజీవిని గుర్తించిన ఇద్దరిలో ఆయన ఒకరు. దాని పేరు లీష్మేనియా డోనవాని కావడానికి కారణం అదే.

ఆయన చేసిన మరో పని గురించి ఎక్కువ మందికి తెలియదు. కాలా అజార్‌ను ఒకరి నుంచి ఇంకొకరికి మోసే పురుగు ఏదో తేల్చాలని డోనవన్ వెతికారు. ఆయన అనుమానం ఎలుకలున్న చోట్ల రాత్రిపూట తిరుగుతూ రక్తం తాగే ఒక పెద్ద నల్లి మీద పడింది. దాని పేగులో కొరడాలాంటి తోకతో ఈదులాడే సూక్ష్మజీవులు కనిపించాయి. 1909లో వాటిని వర్ణించారు. కాలా అజార్‌తో వాటికి సంబంధం లేదని, ఆ జబ్బును మోసేది ఇసుక ఈగ అని తర్వాతి పరిశోధకులు నిరూపించారు. డోనవన్ చూసిన జీవికి ట్రిపనోసోమా కోనోరైని అన్న పేరు స్థిరపడింది. అది ఎలుకల్లో బతుకుతుంది. మనిషికి దాని వల్ల జబ్బు వచ్చిన దాఖలాలు లేవు.

దాదాపు అదే సమయంలో, 1908-09ల్లో, బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో, లసాన్స్ అనే చిన్న ఊళ్లో, సుమారు ముప్పై ఏళ్ల కార్లోస్ చాగస్ అనే వైద్యుడు అదే కుటుంబానికి చెందిన మరో నల్లిని కోసి చూస్తున్నాడు. రైలు మార్గం వేసే కూలీలను పీడిస్తున్న మలేరియాను అదుపు చేయమని ఆయనను అక్కడికి పంపారు. ఒక రైలు పెట్టెనే ఇల్లుగా, ప్రయోగశాలగా మార్చుకున్నాడు. మట్టి గోడల పగుళ్లలో పగలంతా నక్కి, దీపం ఆర్పాక బయటికొచ్చి ముఖం మీద కుట్టే పురుగులు ఉన్నాయని అక్కడివాళ్లు చెప్పారు. వాటి పేగులో కొత్త పరాన్నజీవి కనిపించింది. రియోలో ఉన్న తన గురువు ఒస్వాల్దో క్రూజ్‌కు ఆ పురుగులను పంపితే, అవి కుట్టిన అక్కడి ప్రయోగశాల కోతులకు జబ్బు చేసింది. గురువు పేరు మీదే ఆ జీవికి ట్రిపనోసోమా క్రూజీ అని పేరు పెట్టాడు. 1909 ఏప్రిల్ 14న బెరెనీస్ అనే రెండేళ్ల పాప జ్వరంతో ఉన్నప్పుడు ఆమె రక్తంలోనూ అదే జీవి దొరికింది. ముందు జబ్బు కనిపించి, ఆ తర్వాత దాని కారణం తెలియడం వైద్యంలో మామూలు. ఇక్కడ పురుగు, పరాన్నజీవి ముందు దొరికాయి. చాగస్ పేరుతోనే పిలిచే జబ్బు ఆ తర్వాత బయటపడింది.

బెరెనీస్‌ను గుర్తుంచుకోండి. ఈ జబ్బు మీద దశాబ్దాలపాటు సాగిన ప్రధానమైన వాదానికి సాక్ష్యం ఆమె రక్తంలోనే ఉంది.

నేను చెన్నైలో వైద్య విద్యార్థులకు పరాన్నజీవుల పాఠం చెబుతాను. తరగతిలో తిరుపతి, నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చిన పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్లకు చాగస్ జబ్బు రెండు మార్కుల ప్రశ్న. దక్షిణ అమెరికా, నల్లి, గుండె, పెద్దపేగు అని రాసి ముందుకు వెళతారు. ఒక విద్యార్థిని మాత్రం డబ్బాలో ఉన్న పురుగు నమూనాను చూసి, "మేడమ్, ఈ పురుగు మన దగ్గరే ఉన్నప్పుడు జబ్బు ఎందుకు లేదు?" అని అడిగింది. పాఠం మొత్తాన్ని ఆ ప్రశ్నతో మొదలుపెట్టాలని నాకు అప్పుడే అనిపించింది.

ఆ నమూనా ట్రయటోమా రూబ్రోఫాసియాటాది. బొటనవేలి మొదటి కణుపంత పొడవు, ముదురు గోధుమ రంగు ఒళ్లు, పొట్ట అంచుల వెంట ఎర్రని చారలు, సన్నగా సాగిన తల, దాని కిందికి మడిచిపెట్టుకున్న నిటారు ముక్కు. ఓడలతో, ఎలుకలతో కలిసి ప్రపంచంలోని ఉష్ణమండల రేవులన్నిటికీ పాకింది. ఇదొక్కటే కాదు, లిన్షకోస్టియస్ అనే మరో నల్లి ప్రజాతి భారతదేశంలో తప్ప ఎక్కడా లేదు. దానిలోని ఒక జాతిని తమిళనాడులో కనుగొని 2002లో వర్ణించారు. అంటే పురుగులకు కొదవ లేదు. లేనిది పరాన్నజీవి. ట్రిపనోసోమా క్రూజీ అమెరికా ఖండాల అడవి జంతువుల్లో, అపోసమ్‌లలో, అర్మడిల్లోలలో వేల తరాలుగా తిరుగుతున్న జీవి. పురుగు పుట్టుకతో దాన్ని మోయదు, జబ్బున్న జంతువు రక్తం తాగితేనే దానికి అంటుతుంది. ఇక్కడ అలాంటి జంతువులు లేవు. ఇదే రూబ్రోఫాసియాటా బ్రెజిల్ తీరంలో ట్రిపనోసోమా క్రూజీతో కూడా పట్టుబడింది కాబట్టి, దానికి మోసే శక్తి లేదని చెప్పలేం. ఆ శక్తి జబ్బుగా మారాలంటే ఇక్కడ జరగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

మన నేల మీద ట్రిపనోసోములు లేవనీ కాదు. పశువుల డాక్టర్లకు సర్రా జబ్బు బాగా తెలుసు. దానికి కారణం ట్రిపనోసోమా ఎవాన్సీ. మనిషి రక్తంలోని అపోల్‌1 అనే ప్రోటీన్ దాన్ని చంపేస్తుంది. తెలంగాణ సరిహద్దుకు అవతలే ఉన్న చంద్రపూర్ జిల్లాలో 2004లో ఒక రైతుకు ఈ పశువుల జబ్బే సోకింది. పరిశోధకులు పరీక్షిస్తే ఆయన రక్తంలో అపోల్‌1 అసలు లేదని తేలింది. మనకు తెలియకుండానే మన ఒంట్లో ఎన్ని కాపలాలున్నాయో ఇలాంటి ఒక్క కేసు చెబుతుంది.

ఇక చాగస్ విషయం. పురుగు కాటుతో పరాన్నజీవి ఒంట్లోకి రాదు. పురుగు కడుపు నిండా రక్తం తాగి, అక్కడే విసర్జిస్తుంది. పరాన్నజీవి ఉండేది ఆ విసర్జనలో. దురద పెట్టి గోకినప్పుడు గీరుకున్న చోటు నుంచి, లేదా కన్ను నులుముకున్నప్పుడు కంటిపొర నుంచి లోపలికి పోతుంది. అందుకే తాగుతూనే విసర్జించే జాతులు ప్రమాదకరమైనవి. తాగి, దూరంగా వెళ్లాక విసర్జించే జాతుల వల్ల ముప్పు తక్కువ. నోటి ద్వారా కూడా సోకుతుంది. 2005లో బ్రెజిల్‌లోని శాంతా కాతరీనాలో చెరకు రసంతో, 2007లో వెనెజులా రాజధాని కరాకస్‌లో ఒక బడిలో ఇచ్చిన జామపండ్ల రసంతో జబ్బు సోకింది. ఆ బడిలో 103 మందికి సోకినట్లు నిర్ధారించారు, ఒక పిల్లవాడు చనిపోయాడు. పురుగో, దాని విసర్జనో రసంలో కలిసి ఉంటుంది. మెరీనా దగ్గర చెరకు రసం తాగేవాళ్లు దీనికి భయపడనక్కరలేదు, కారణం పైన చెప్పాను.

లోపలికి వచ్చిన పరాన్నజీవి చేసే పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. గీమ్సా రంగు వేసిన రక్తపు పలకను సూక్ష్మదర్శిని కింద పెడితే, గులాబీ రంగు ఎర్ర రక్తకణాల మధ్య వంపు తిరిగి, కొడవలిలా పడుకున్న ఊదారంగు జీవి కనిపిస్తుంది. మధ్యలో కేంద్రకం, ఒక కొసన ముదురు చుక్క. ఆ చుక్కే కైనెటోప్లాస్ట్. మిగతా ట్రిపనోసోములతో పోలిస్తే క్రూజీలో ఇది ఎంత పెద్దదంటే, దేహం పక్కకు ఉబ్బినట్లు కనిపిస్తుంది. పరీక్షలో పలకను గుర్తించమంటే పిల్లలు ఈ చుక్కనే చూస్తారు. దానిలో వేల డీఎన్ఏ వలయాలు ఒకదానిలో ఒకటి దూరి అల్లుకుని ఉంటాయి. ఇలాంటి అమరిక మన కణాల్లో ఎక్కడా లేదు.

ఈ జీవి రక్తంలో ఉండిపోదు. ఏదో ఒక కణంలోకి దూరాలి. దెబ్బతిన్న తన పొరను బాగుచేసుకునే ఏర్పాటు మన ప్రతి కణానికీ ఉంది. పొరకు చిల్లు పడి కాల్షియం లోపలికి రాగానే, లైసోసోములు అనే తిత్తులు ఆ చోటికి చేరి, పొరతో కలిసిపోయి, చిల్లును మూయడానికి సాయపడతాయి. పరాన్నజీవి కణాన్ని తాకి, ఇదే హెచ్చరికను పుట్టిస్తుంది. మరమ్మతుకు వచ్చిన లైసోసోములతోనే తన చుట్టూ ఒక గది కట్టించుకుని లోపలికి పోతుంది. నోర్మా ఆండ్రూస్ బృందం 1992 నుంచి ఈ సంగతిని విడమరిచి చెప్పింది. లైసోసోము అంటే జీర్ణరసాలున్న తిత్తి, దానిలో పడ్డ సూక్ష్మజీవి చావాలి. ఇది మాత్రం ఆ ఆమ్లాన్నే వాడుకుని గది గోడను కరిగించి, కణద్రవంలోకి జారుకుంటుంది. అక్కడ తోకను కుదించుకుని, గుండ్రటి అమాస్టిగోట్‌గా మారి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుతుంది. నాలుగైదు రోజుల్లో కణం నిండిపోతుంది. మళ్లీ తోకలు వస్తాయి, కణం పగులుతుంది, పక్క కణాల వేట మొదలవుతుంది. గుండె కండరమన్నా, పేగు గోడల్లోని కండరమన్నా దీనికి ప్రత్యేకమైన మక్కువ.

మన రక్షణ వ్యవస్థ కన్ను గప్పడానికి ఇది ఒంటికి మన చక్కెరనే పూసుకుంటుంది. సియాలిక్ ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు కాబట్టి, మన కణాల మీదున్న దాన్ని తెంపి తన మీద అతికించుకునే ఎంజైమును తయారుచేసుకుంటుంది. 2005లో దీని జన్యుక్రమాన్ని ప్రచురించినప్పుడు, ఈ ఎంజైము కుటుంబానికి చెందిన జన్యువులే వెయ్యికి పైగా కనిపించాయి. జన్యుక్రమంలో సగానికి పైగా ఇలా మళ్లీ మళ్లీ వచ్చే భాగాలే. ఒంటి మీది ప్రోటీన్లు ఇన్ని రకాలుగా ఉంటే, యాంటీబాడీలు దేనిని పట్టుకోవాలో తేల్చుకోవడం కష్టం. టీకా ఇప్పటికీ రాకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

జబ్బు రెండు దశలుగా నడుస్తుంది. సోకిన మొదటి వారాల్లో రక్తంలో పరాన్నజీవులు బాగా కనిపిస్తాయి. చాలామందికి కొద్దిపాటి జ్వరం, నీరసం తప్ప ఏమీ తెలియదు. తర్వాత రక్షణ వ్యవస్థ పైచేయి సాధిస్తుంది, రక్తం శుభ్రపడినట్లు కనిపిస్తుంది. ఆపైన పదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు ఏమీ జరగదు. అప్పుడు, సోకినవాళ్లలో సుమారు 30 శాతం వరకు గుండె దెబ్బతింటుంది. కొట్టుకునే లయ తప్పుతుంది, గుండె ఉబ్బుతుంది, కొందరు ఉన్నట్టుండి కుప్పకూలుతారు. 10 శాతం వరకు అన్నవాహికో, పెద్దపేగో సాగిపోయి, మింగడం, విసర్జించడం కష్టమవుతాయి, లేదా నరాలు దెబ్బతింటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 70 లక్షల మందికి పైగా ఈ పరాన్నజీవితో బతుకుతున్నారు. ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువ మంది పగుళ్లు పట్టిన మట్టి ఇంట్లో పుట్టినవాళ్లు. తమకు ఈ జబ్బు ఉందని కూడా వాళ్లలో చాలామందికి తెలియదు.

అసలు చిక్కుముడి ఇక్కడ ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత గుండెను దెబ్బతీస్తున్నది ఎవరు?

చనిపోయినవాళ్ల గుండెలను కోసి చూసిన వైద్యులకు వాపు, మచ్చలు, చచ్చిపోయిన కండరం కనిపించాయి. పరాన్నజీవి మాత్రం దాదాపు కనిపించలేదు. ఎన్ని పలకలు చేసి చూసినా ఎప్పుడో అరుదుగా ఒకటి దొరికేది. దాంతో ఒక వివరణ బలపడింది: పరాన్నజీవి ఎప్పుడో పోయింది, దాని మీద యుద్ధానికి అలవాటు పడ్డ రక్షణ వ్యవస్థ ఇప్పుడు సొంత గుండె మీదే తిరగబడింది, అంటే ఇది ఆటోఇమ్యూన్ జబ్బు. పరాన్నజీవి ప్రోటీన్లనూ, గుండె ప్రోటీన్లనూ ఒకేలా పట్టుకునే యాంటీబాడీలు కనిపించడం ఈ వాదానికి ఊతమిచ్చింది. 1970ల నుంచి చాలాకాలం ఇదే ప్రధానమైన ఆలోచన.

ఇది ప్రయోగశాలల మధ్య వాదనగా ఆగిపోయి ఉంటే నష్టం లేదు. పరాన్నజీవి లేనప్పుడు దాన్ని చంపే మందు ఎందుకు? ఆటోఇమ్యూన్ జబ్బుకు టీకా వేస్తే ఇంకా ప్రమాదం కదా? ఈ తర్కంతో దీర్ఘకాలిక దశలో ఉన్నవాళ్లకు మందు ఇవ్వడం చాలా చోట్ల మానేశారు. మందు కంపెనీలకు కొనగలిగే రోగులు లేరు, వైద్యులకు మందు పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఒక వైజ్ఞానిక ఊహ, పేదరికం రెండూ కలిసి లక్షలమందిని దశాబ్దాలపాటు చికిత్సకు దూరం చేశాయి. ఈ జబ్బు చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

సాక్ష్యం లేకపోవడం వల్ల ఇలా జరగలేదు. రక్తపు పలకలో కనిపించనంత తక్కువగా ఉన్న పరాన్నజీవిని పట్టుకోవడానికి ఎమిల్ బ్రుంప్ట్ 1914లోనే ఒక ఉపాయం చెప్పాడు. ప్రయోగశాలలో పెంచిన, ఏ జబ్బూ లేని నల్లులను చిన్న డబ్బాలో ఉంచి, పల్చని గుడ్డ మూతి కట్టి, రోగి చేతికి ఆనించాలి. అవి గుడ్డలో నుంచే రక్తం తాగుతాయి. రక్తంలో ఒకటో రెండో పరాన్నజీవులున్నా, పురుగు పేగులో అవి వేలుగా పెరుగుతాయి. కొన్ని వారాలు ఆగి పురుగు విసర్జనను పరీక్షిస్తే సరిపోతుంది. ఈ పద్ధతితోనే 1962లో బెరెనీస్ ఒంటి నుంచి ట్రిపనోసోమా క్రూజీని వేరుచేశారు. 1978లో మళ్లీ వేరుచేశారు. అప్పటికి ఆమెకు 71 ఏళ్లు. చాగస్ రెండేళ్ల పాప రక్తంలో చూసిన పరాన్నజీవి దాదాపు డెబ్బై ఏళ్లుగా అక్కడే కాపురముంది. ఆ రెండు నమూనాల నుంచి పెంచిన సంతతి మీద ప్రయోగశాలల్లో నేటికీ పరిశోధనలు జరుగుతున్నాయి.

1990ల్లో డీఎన్ఏ జాడను పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చాక, ఖాళీ అనుకున్న గుండె కణజాలంలో కూడా పరాన్నజీవి డీఎన్ఏ బయటపడింది. ఎయిడ్స్ సోకిన చాగస్ రోగుల్లో, గుండె మార్పిడి తర్వాత రక్షణ వ్యవస్థను అణచే మందులు వాడేవాళ్లలో, పరాన్నజీవి ఒక్కసారిగా విజృంభించి మెదడు వరకు పాకడం వైద్యులు చూశారు. లేనిది ఎక్కడి నుంచి వస్తుంది? రిక్ టార్ల్‌టన్ వంటి పరిశోధకులు మొదటి నుంచి చెబుతున్న మాట, పరాన్నజీవి ఒంట్లో ఉండిపోవడమే జబ్బుకు మూలం అన్నది, క్రమంగా ఎక్కువ మంది ఒప్పుకున్నారు. రక్షణ వ్యవస్థకు ఇందులో పాత్ర లేదని కాదు. కణాన్ని పగలగొట్టేది పరాన్నజీవి, వాపును దశాబ్దాలు నిలిపేది దాన్ని వెంటాడే మన తెల్ల రక్తకణాలు. వెంటాడటానికి ఏదో ఒకటి అక్కడ ఉండాలి కదా.

అయితే బెరెనీస్ కథలో రెండో సగం కూడా ఉంది. ఆమెకు గుండె జబ్బు రాలేదు. పరాన్నజీవి ఉన్నంత మాత్రాన అందరికీ గుండె పోదు. సోకినవాళ్లలో ఎక్కువ మంది ఆమెలాగే ఏ జబ్బూ లేకుండా జీవితాంతం గడుపుతారు. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్నది ముందుగా చెప్పే పరీక్ష ఏదీ నేటికీ లేదు. ట్రిపనోసోమా క్రూజీలో ఆరు ప్రధాన వంశాలు, గబ్బిలాలతో ముడిపడ్డ మరొకటి ఉన్నాయి. వంశాన్ని బట్టి, మనిషి జన్యువులను బట్టి, పరాన్నజీవి స్థిరపడ్డ అవయవాన్ని బట్టి ఫలితం మారుతుందని భావిస్తున్నారు.

మందులు రెండే ఉన్నాయి: బెంజ్‌నిడజోల్, నిఫుర్టిమాక్స్. రెండూ 1960-70ల నాటివి. రెండూ నేరుగా విషాలు కావు. పరాన్నజీవిలో ఉండే ఒక ఎంజైము వాటిని విషంగా మారుస్తుంది. 60 రోజులు వాడాలి. దద్దుర్లు, వాంతులు, చేతులు కాళ్ల తిమ్మిర్లతో కొందరు మధ్యలోనే మానేస్తారు. అయినా పసిపిల్లలకు పుట్టిన ఏడాదిలోపే ఇస్తే 90 శాతానికి పైగా నయమవుతుంది. పెద్దవాళ్ల విషయంలో బ్యూనస్ ఎయిర్స్‌లో రొడోల్ఫో వియోటి బృందం 2006లో ప్రచురించిన ఫలితాలు ఆశ కలిగించాయి. మందు వాడినవాళ్లలో 4 శాతం మందికి జబ్బు ముదిరింది, వాడనివాళ్లలో 14 శాతం మందికి. కానీ అది చీటీ వేసి రోగులను విడదీసిన పరీక్ష కాదు.

అలా చీటీ వేసి చేసిన పెద్ద పరీక్ష పేరు బెనిఫిట్. అయిదు దేశాల్లో, అప్పటికే గుండె దెబ్బతిన్న 2,854 మందితో చేసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్నవాళ్ల రక్తంలో పరాన్నజీవి ఆనవాళ్లు బాగా తగ్గాయి. గుండె జబ్బు ముదరడం మాత్రం ఆగలేదు: మందు తీసుకున్నవాళ్లలో 27.5 శాతం, తీసుకోనివాళ్లలో 29.1 శాతం. దీన్ని పట్టుకుని "చూశారా, పరాన్నజీవిని చంపినా ఉపయోగం లేదు" అన్నవాళ్లు ఉన్నారు. నేను అలా చదవను. మచ్చలు పడి, కొట్టుకునే లయ చెడిన గుండెకు పరాన్నజీవి పోయినంత మాత్రాన పాత కండరం తిరిగి రాదు. ఆ పరీక్ష చెప్పేది మందు వృథా అని కాదు, మందు ఆలస్యమైందని. నేటి మార్గదర్శకాలు కూడా పిల్లలకు, గర్భం దాల్చే వయసు స్త్రీలకు, అవయవాలు ఇంకా చెడని పెద్దవాళ్లకు చికిత్స ఇవ్వమనే చెబుతున్నాయి.

కొత్త మందు కోసం వెతికినవాళ్లకు తగిలిన ఎదురుదెబ్బ ఇంతకంటే ఎక్కువ నేర్పింది. పోసకొనజోల్ శిలీంధ్రాలకు వాడే మందు. పరాన్నజీవి తన పొర కోసం శిలీంధ్రాల్లాగే ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. ఆ తయారీని ఈ మందు ఆపుతుంది. గాజు పలకల్లో, ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషుల మీద పరీక్షించి 2014లో ప్రకటిస్తే, వాడుతున్నంత కాలం రక్తం శుభ్రంగా ఉంది, ఆపగానే ఎక్కువ మందిలో పరాన్నజీవి తిరిగి వచ్చింది. ఎక్కడో కొన్ని మిగిలాయి. ఎక్కడ?

దీనికి రెండు బృందాలు రెండు వైపుల నుంచి జవాబు తెచ్చాయి. లండన్‌లో జాన్ కెల్లీ, మైఖేల్ లూయిస్ బృందం పరాన్నజీవిలో మిణుగురు పురుగు వెలుగు ప్రోటీన్‌ను పెట్టి ఎలుకలకు ఎక్కించింది. బతికున్న ఎలుకలో ఏ మూల పరాన్నజీవి ఉందో కెమెరాలో వెలుగుగా కనిపిస్తుంది. దీర్ఘకాలిక దశలో వెలుగు గుండెలో కంటే జీర్ణాశయం, పెద్దపేగు గోడల్లో నిలకడగా కనిపించింది. పేగు స్థావరమై, అక్కడి నుంచి అప్పుడప్పుడు గుండెకు చేరుతుందేమో అన్న ఆలోచన దీని నుంచే పుట్టింది. గుండెలో ఎప్పుడూ తక్కువే దొరకడానికి ఇది ఒక వివరణ.

రెండోది టార్ల్‌టన్ బృందం 2018లో ప్రచురించింది. కణంలోకి దూరిన అమాస్టిగోట్‌లలో కొన్ని ఏ కారణం లేకుండానే విభజన ఆపేస్తాయి. చావవు, పెరగవు, ఊరికే ఉంటాయి. పెరిగే జీవులను చంపే మందు వాటిని తాకలేదు. రోజుల తరబడి మందు ఇచ్చినా తట్టుకుని, ఆపాక మళ్లీ విభజన మొదలుపెడతాయి. తుంగ పట్టిన పొలంలో ఎన్నిసార్లు కలుపు తీసినా, నేలలోని గడ్డ మిగిలినంత కాలం మళ్లీ మొలుస్తుందని రైతుకు తెలుసు. చాగస్ మందుల వెతుకులాటలో ఆ గడ్డ మీద దృష్టి పడింది ఈ మధ్యనే. మందును మరింత ఎక్కువ మోతాదులో, రోజూ కాకుండా విడతలుగా, ఎక్కువ కాలం ఇస్తే నిద్ర లేచినవి లేచినట్లే దొరుకుతాయన్న ఆలోచనను ఎలుకల్లో పరీక్షించి మంచి ఫలితాలు చూశారు.

ఈ పరిశోధన ఇంత నెమ్మదిగా సాగడానికి పరాన్నజీవి స్వభావం కూడా కారణం. దాని ఆఫ్రికా బంధువు, నిద్ర జబ్బు తెచ్చే ట్రిపనోసోమా బ్రూసీలో, ఏ జన్యువునైనా ఆర్ఎన్ఏ సాయంతో తేలిగ్గా అణచి, దాని పనేమిటో తెలుసుకోవచ్చు. క్రూజీలో ఆ యంత్రాంగమే లేదు. ఒక్క జన్యువును తీసేయడానికి నెలలు పట్టేది. 2015 ప్రాంతంలో జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి దీనికి కుదిరాక, పరిశోధన వేగం పుంజుకుంది. 2022లో బెంజోక్సాబోరోల్ రకానికి చెందిన ఒక కొత్త మందు, సహజంగా ఈ జబ్బు సోకిన కోతులను నయం చేసిందన్న ఫలితం వచ్చింది. మనుషుల దాకా రావడానికి ఇంకా మెట్లున్నాయి.

నయమైందని ఎలా తెలుస్తుంది అన్నది మరో పెద్ద అడ్డంకి. రక్తంలో యాంటీబాడీలు పరాన్నజీవి పోయిన తర్వాత కూడా పెద్దవాళ్లలో పదేళ్లు, ఇరవై ఏళ్లు ఉండిపోతాయి. పీసీఆర్‌లో ఏమీ రాకపోతే, ఆ రోజు తీసిన ఆ కొద్ది రక్తంలో లేదని మాత్రమే అర్థం. అవునన్నా కాదన్నా నమ్మకంగా చెప్పే పరీక్ష లేదు. మందు పనిచేసిందని తేల్చడానికి పదిహేనేళ్లు ఆగాలంటే ఏ కంపెనీ ముందుకు వస్తుంది? కొత్త మందు ఎంత ముఖ్యమో, నయమైందని త్వరగా చెప్పే రక్తపరీక్ష అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

ఈమధ్య అన్నానగర్ నుంచి మా వదిన ఫోను చేసింది. "డాలస్ నుంచి అమ్మాయి పురుగు ఫొటో పంపిందమ్మా, గుండెజబ్బు తెచ్చే పురుగట, కాస్త చూసి చెప్పు" అంది. ఫొటోలోని పురుగు వెనక కాళ్లు ఆకుల్లా వెడల్పుగా ఉన్నాయి. మొక్కల రసం తాగే పురుగు అది, ఏమీ కాదని చెప్పాను. కానీ ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. టెక్సస్‌లో అసలైన చాగస్ నల్లులు, అక్కడివాళ్లు కిస్సింగ్ బగ్‌లు అనేవి, ఉన్నాయి, వాటిలో పరాన్నజీవీ ఉంది, అక్కడి పెంపుడు కుక్కలకు సోకుతోంది. మనుషులకు అక్కడే సోకిన కేసులు తక్కువ. అమెరికాలో ఉన్న చాగస్ రోగుల్లో అత్యధికులు లాటిన్ అమెరికాలో ఉండగా సోకినవాళ్లు. అక్కడ ఉంటున్న మనవాళ్లు ఎవరికైనా ఇంట్లో ఇలాంటి పురుగు కనిపిస్తే చేత్తో నలపకూడదు. సీసాలో పట్టి, స్థానిక ఆరోగ్య శాఖకు చూపిస్తే చాలు. 2007 నుంచి అక్కడి బ్లడ్ బ్యాంకులు దాతలకు ఈ పరీక్ష చేస్తున్నాయి. మన బ్లడ్ బ్యాంకులు హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తాయి. చాగస్‌కు చేయవు. మన దగ్గర జబ్బు లేదు కాబట్టి నేటికి అది సమంజసమే. లాటిన్ అమెరికా పల్లెల్లో చాలాకాలం గడిపి వచ్చినవాళ్లు రక్తం ఇచ్చే ముందు ఆ మాట చెప్పడం మాత్రం మంచిది.

పురుగుల విషయంలో దక్షిణ అమెరికా సాధించింది చిన్నది కాదు. 1991లో అయిదారు దేశాలు కలిసి ఇళ్లలో మందు చల్లడం, రక్తదాతలను పరీక్షించడం మొదలుపెట్టాయి. 1997లో ఉరుగ్వే, 1999లో చిలీ, 2006లో బ్రెజిల్ తమ ప్రధాన ఇంటి నల్లి ద్వారా జబ్బు వ్యాప్తిని ఆపగలిగాయి. పురుగు వెనక్కి తగ్గిన కొద్దీ తల్లి నుంచి బిడ్డకు సోకే మార్గం మరింత ముఖ్యమైపోయింది. పరాన్నజీవి ఉన్న తల్లులకు పుట్టే బిడ్డల్లో కొందరికి కడుపులోనే సోకుతుంది. ఇక్కడ పాత మందు బెంజ్‌నిడజోల్ చేయగలిగింది అర్జెంటీనా పరిశోధకులు చూపించారు: ఆడపిల్లకు గర్భం దాల్చక ముందే చికిత్స ఇస్తే, ఆ తర్వాత ఆమెకు పుట్టిన బిడ్డలకు జబ్బు సోకడం దాదాపు ఆగిపోతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు ఈ మందు ఇవ్వరు కాబట్టి ముందే ఇవ్వాలి. ముందే ఇవ్వాలంటే ఆమెకు జబ్బుందని ముందే తెలియాలి. 60 రోజుల మందును రెండు వారాలకు తగ్గించినా దాదాపు అంతే ఫలితం ఉండవచ్చని బొలీవియాలో జరిగిన బెండితా పరీక్ష 2021లో చూపింది. దాన్ని పెద్ద పరీక్షల్లో నిర్ధారించే పని సాగుతోంది. అది నిలబడితే, ఊళ్లోని చిన్న ఆరోగ్య కేంద్రంలోనే పదహారేళ్ల అమ్మాయికి రక్తపరీక్ష చేసి, పదిహేను రోజుల మాత్రలిచ్చి పంపవచ్చు.